పల్ప్ పదిహేడేళ్ళు

పల్ప్ అనే ఆంగ్ల సంగీతబృందానివి నా దగ్గర ఐదు సీడీలున్నాయి. మొదట విడుదలైన సంవత్సరాల వరుసలో పేర్చుకుంటే 1983, 1987, 1992, 1994, 1995. చివరి రెండూ బ్రిటన్‌లో లెక్కలేనన్ని ఇళ్ళలో ఉన్నవే. మొదటి మూడూ వచ్చిన రోజుల్లో వాటిని విన్నవారు బహు కొద్దిమంది. విన్నవారిలో మెచ్చినవారు ఇంకా తక్కువ. ఈ మధ్య ఒక నెలరోజులు తీరిక చేసుకుని ఈ ఐదింటినీ, ఒక్క పాట కూడా దాటవేయకుండా, వరుసగా మళ్ళీ విన్నాను. వింటున్నంతసేపూ ఒకటే ప్రశ్న. మొదటి సీడీకీ అయిదో సీడీకీ నడుమ పన్నెండేళ్ళున్నాయి. బృందం పుట్టిన 1978 నుంచి లెక్కిస్తే పదిహేడేళ్ళు. ఇన్నేళ్ళపాటు ఎవరికీ అక్కరలేని పాటలు కట్టుకుంటూ వీళ్ళెలా బతికారు? ఎవరు బతకనిచ్చారు?

పాశ్చాత్య సంగీతంతో పరిచయం లేని చదువరుల కోసం రెండు మాటలు. 1990ల నడుమ బ్రిటన్‌లో వెల్లువెత్తిన ఒక తరహా గిటారు సంగీతానికి పత్రికలవాళ్ళు పెట్టిన పేరు బ్రిట్‌పాప్. అమెరికా నుంచి దిగిన గ్రంజ్ సంగీతపు హోరుకు జవాబుగా తమ ఊళ్ళను, తమ వీధులను, తమ యాసను పాటల్లోకి తెచ్చుకున్న కుర్రకారు ఉద్యమమది. స్వేడ్, బ్లర్, ఒయాసిస్, పల్ప్ అనే నాలుగు బృందాలను ఆ ఉద్యమానికి నాలుగు స్తంభాలంటారు. 1995 ఆగస్టులో బ్లర్, ఒయాసిస్ ఒకే రోజున పాటలు విడుదల చేసి పోటీపడితే అది దేశమంతటికీ వార్త అయింది. మిగతా మూడు బృందాలూ 1980ల చివర, 1990ల మొదట్లో ఏర్పడినవి. పల్ప్ ఒక్కటే వాటికన్నా పదేళ్ళు పైబడిన పెద్దన్న. తమ్ముళ్ళందరితోపాటు ఒకే బడిలో ఆలస్యంగా చేరిన పెద్దన్న.

నా సీడీల పుట్టుపూర్వోత్తరాలు కూడా చెప్పాలి. చివరి రెండూ ఉద్యోగరీత్యా ఉత్తర ఇంగ్లండులో రెండేళ్ళు ఉన్నప్పుడు, ధర్మసంస్థలు నడిపే పాతసామాన్ల దుకాణాలలో కొన్నవి. అందరూ పాటలను ఐపాడ్‌లలోకి ఎక్కించుకుని సీడీలను అట్టపెట్టెలకెత్తి ఆ దుకాణాలకు ఇచ్చేస్తున్న కాలమది. మొదటి మూడూ 2012లో ఫైర్ రికార్డ్స్ సంస్థ తిరిగి విడుదల చేసినప్పుడు తపాలాలో తెప్పించుకున్నవి. అంటే అందరిలాగే నేనూ కథను చివరినుంచి మొదలుపెట్టి వెనక్కి చదివినవాణ్ణే.

ఊరు

పల్ప్ ఊరు షెఫీల్డు. ఇంగ్లండు ఉత్తరభాగాన కొండల నడుమ ఉన్న ఉక్కు నగరం. మన వంటిళ్ళలో గిన్నెలకూ గ్లాసులకూ వాడే స్టెయిన్‌లెస్ స్టీలును 1913లో హ్యారీ బ్రేర్లీ అనే ఆయన రూపొందించింది ఆ ఊళ్ళోనే. కత్తులకూ చెంచాలకూ శతాబ్దాలుగా పేరుపడ్డ ఊరు. 1980 మొదట్లో దేశవ్యాప్తంగా ఉక్కు కార్మికుల సమ్మె జరిగింది. ఆ దశాబ్దంలోనే ఒక్కొక్క కొలిమీ ఆరిపోతూ వచ్చింది. హ్యాడ్‌ఫీల్డ్స్ ఉక్కు కర్మాగారం ఉన్న చోట 1990లో మెడోహాల్ అనే బ్రహ్మాండమైన విక్రయకేంద్రం వెలిసింది. ఉక్కు పోసిన చోట బట్టలూ చెప్పులూ అమ్మడం మొదలైందన్నమాట. పల్ప్ తొలి ఆల్బంలకు నేపథ్యం సరిగ్గా ఈ పదేళ్ళు.

బృందానికి మూలపురుషుడు జార్విస్ కాకర్. 1963లో పుట్టాడు. తండ్రి అతని ఏడో ఏట ఇల్లు విడిచి ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడు. శనివారాలు చేపల బజారులో పనిచేసేవాడు. సిటీ స్కూల్‌లో చదువుకుంటూ 1978లో, పదిహేనేళ్ళ వయసులో, మిత్రులతో కలిసి బృందం కట్టాడు. అర్థశాస్త్రం తరగతిలో సరుకుల ధరల జాబితాలో కనబడ్డ ఒక కాఫీ రకం పేరును తగిలించి మొదట దానికి ‘అరబికస్ పల్ప్’ అని పేరు పెట్టారు. కొద్దికాలానికే ముందుమాట రాలిపోయింది.

1981లో బీబీసీ వ్యాఖ్యాత జాన్ పీల్ షెఫీల్డు వచ్చినప్పుడు జార్విస్ తమ పాటల టేపును ఆయన చేతిలో పెట్టాడు. ఆ ఏడాది నవంబరులోనే పీల్ కార్యక్రమం కోసం వీళ్ళ పాటలు రికార్డు చేశారు. ఇంకా మీసాలు సరిగా రాని కుర్రవాళ్ళకు దేశమంతా వినే రేడియోలో చోటు! ఇక తమ దశ తిరిగినట్టేనని వాళ్ళు అనుకుని ఉంటారు. తిరగలేదు. తోటివాళ్ళు పైచదువులకు విశ్వవిద్యాలయాలకు వెళ్ళిపోయారు. జార్విస్ ఒక్కడే పేరు పట్టుకుని ఊళ్ళో మిగిలాడు.

మొదటి మూడు

1983లో వచ్చిన ‘ఇట్’ ఏడు పాటల చిన్న ఆల్బం. పేరులో ఒక చమత్కారముంది: బృందం పేరు పక్కన చేర్చి పలికితే చర్చిలో ప్రవచనం చెప్పే వేదిక పేరు వస్తుంది. కాని ఈ పాటల్లో ప్రవచనమేమీ లేదు. మెత్తని గిటారు, అక్కడక్కడ పిల్లనగ్రోవి, వెనుక గొంతులలో జార్విస్ చెల్లెలు సాస్కియా. లియొనార్డ్ కోహెన్‌ను, స్కాట్ వాకర్‌ను రాత్రింబవళ్ళు విన్న ఇరవయ్యేళ్ళ యువకుడు వారి విషాదాన్ని అరువు తెచ్చుకుని పాడుతున్నట్టుంటుంది. ఇరవయ్యేళ్ళప్పుడు మనలో భావకవిత్వం రాయనివాళ్ళెవరు? ‘మై లైట్‌హౌస్’ పాటలో దీపస్తంభముంది, సముద్రముంది. షెఫీల్డు నుంచి సముద్రం చాలా దూరం. ఆ ఆల్బం మొత్తంలో షెఫీల్డు మాత్రం కనబడదు.

రెండో సీడీ ‘ఫ్రీక్స్’. 1986లో వారం రోజుల్లో రికార్డు చేసి 1987లో విడుదల చేశారు. ‘అధికారం, ఇరుకు, ఊపిరాడకపోవడం, చేతులు పట్టుకోవడం గురించి పది కథలు’ అనే అర్థం వచ్చే ఉపశీర్షిక ఉంది దానికి. నా సీడీలలో వినడానికి ఎక్కువ ఓపిక కోరేది ఇదే. వయొలిన్ కీచుమంటుంది, డ్రమ్ముల మోత గోడలకు కొట్టుకుని తిరిగి వస్తుంది, జార్విస్ గొంతు నాటకాల్లో రాజు పాత్రధారిలా అవసరానికి మించి గంభీరమవుతుంది. వారం రోజుల్లో ముగించిన పని అని ప్రతి పాటా చెబుతుంది.

అయినా ‘ఇట్’ రోజులకూ ‘ఫ్రీక్స్’ రోజులకూ నడుమ రెండు సంఘటనలు జరిగాయి. వాటిని తలచుకుంటూ వింటే ఈ సీడీ వేరుగా వినిపిస్తుంది.

ఒకటి, 1984 మార్చి నుంచి ఏడాదిపాటు సాగిన గనికార్మికుల సమ్మె. కార్మికసంఘపు ప్రధాన కార్యాలయం షెఫీల్డులోనే ఉండేది. పోలీసులకూ కార్మికులకూ పెనుఘర్షణ జరిగిన ఆర్‌గ్రీవ్ ఆ ఊరి పొలిమేరలోదే. 1983లో బృందంలో చేరిన వయొలిన్, గిటారు వాద్యకారుడు రసెల్ సీనియర్ ఊరూరా తిరిగి పికెటింగులో పాల్గొన్నాడు. సమ్మె ఓడిపోయింది. ‘ఫ్రీక్స్’లోని ఉక్కపోత ఓడిపోయిన ఊరి ఉక్కపోత అనిపిస్తుంది నాకు, పాటల్లో ఎక్కడా సమ్మె మాట లేకపోయినా.

రెండోది హాస్యమో విషాదమో తెలియనిది. 1985 నవంబరులో జార్విస్ ఒక అమ్మాయి మెప్పు కోసం ఒక కిటికీలోంచి బయటికి దిగి, గోడ వెంబడి వేలాడి పక్క కిటికీలోంచి లోపలికి రావాలనుకున్నాడు. పట్టు జారింది. కటి, చీలమండ, మణికట్టు ఎముకలు విరిగాయి. కొన్ని నెలలపాటు చక్రాల కుర్చీలో కూర్చునే కచేరీలు చేశాడు. ఆసుపత్రి వార్డులో ఇరుగుపొరుగు మంచాల మీద ఉన్నవాళ్ళు మామూలు పనిపాటల మనుషులు. వాళ్ళ మాటలు వింటూ పడుకున్న ఆ వారాలలో, పాటకు కావలసినది దూరపు ఆకాశంలో కాక తన పక్కనే ఉందని తోచిందని అతను తర్వాత చెప్పుకున్నాడు. ఆ ఎరుక ‘ఫ్రీక్స్’లో ఇంకా పూర్తిగా ఇంకలేదు. కాని ‘బీయింగ్ ఫాలోడ్ హోమ్’ పాటలో, రాత్రివేళ ఇంటికి నడిచిపోతూ వెనక అడుగుల చప్పుడుకు బెదిరిన మనిషి భయంలో, మొదటిసారిగా కాళ్ళకింద నిజమైన వీధి తగులుతుంది.

1988లో జార్విస్ లండన్ వెళ్ళి సెయింట్ మార్టిన్స్ కళాశాలలో సినిమా చదువులో చేరాడు. అప్పటికి బృందం దాదాపు ముగిసినట్టే. అయినా సెలవులకు ఊరొచ్చినప్పుడల్లా పాటలు సాగాయి. 1989లో షెఫీల్డులోని ఫాన్ స్టూడియోలో మొదలుపెట్టిన ‘సెపరేషన్స్’ 1992కు గాని విడుదల కాలేదు. మూడో సీడీ ఇది. పాత లాంగ్‌ప్లే రికార్డు లెక్కన చూస్తే ముందువైపున అయిదూ విషాదగీతాలు, పాత అలవాటు. వెనుకవైపుకు వచ్చేసరికి మరో లోకం: మరచక్రంలా తిరిగే తాళం, మెరిసే కీబోర్డులు, గుసగుసగా మాట్లాడుతూ పాడే గొంతు. ఆ నడుమ యాసిడ్ హౌస్ అనే నృత్యసంగీతం ఇంగ్లండును ముంచెత్తింది. ఆ సంగీతానికి పేరెన్నికగన్న వార్ప్ సంస్థ 1989లో షెఫీల్డులోనే పుట్టింది. పల్ప్ ఆ తర్వాతి రికార్డులు కొన్ని ఆ సంస్థకు అనుబంధమైన గిఫ్ట్ పేరుమీదే వచ్చాయి.

‘మై లెజండరీ గర్ల్‌ఫ్రెండ్’ ఈ సీడీలోదే. 1991లో విడిగా వచ్చినప్పుడు పత్రికలు మొదటిసారి తలెత్తి చూశాయి. నిద్రపోతున్న నగరం మీదుగా చూపు జరుగుతూ పోతుంది ఆ పాటలో. ‘కౌంట్‌డౌన్’ మరొకటి. ఎప్పుడో మొదలవుతుందనుకున్న జీవితం కోసం అంకెలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నవాడి పాట. దాన్ని రికార్డు చేసేనాటికి బృందానికి పదేళ్ళు దాటాయి. వింటుంటే నవ్వూ వస్తుంది, గొంతులో ఏదో అడ్డమూ పడుతుంది.

చివరి రెండు

1994 నాటి ‘హిజ్ ఎన్ హర్స్’ తెరవగానే తేడా తెలుస్తుంది. దీపస్తంభాలు పోయాయి. వాటి స్థానంలో అలమరాలు, పెదవుల రంగులు, నైలాను బట్టలు, మధ్యాహ్నపు టీ, పక్కింటివాళ్ళు వచ్చారు. ఫిలిప్ కాసిల్ గీసిన ముఖచిత్రంలో బృందసభ్యులు పాత సినిమా గోడపత్రికలోని తారల్లా మెరుస్తుంటారు. పాటల్లో మాత్రం అద్దె ఇళ్ళలో, తివాచీల మీద జరిగే చిన్న చిన్న రహస్యాలు. ఆ ఊరిని విడిచి లండన్ చేరాకనే జార్విస్‌కు షెఫీల్డు కనిపించింది. కడుపులో ఉన్నంతకాలం తల్లి ముఖం కనబడదు కదా. ఈ ఆల్బం అమ్మకాల పట్టికలో 9వ స్థానానికి చేరింది. మెర్క్యురీ బహుమతి తుది జాబితాలో నిలిచి, ఎం పీపుల్ బృందానికి దాన్ని వదులుకుంది.

తర్వాతిది అందరికీ తెలిసిన కథ. 1995 మే నెలలో ‘కామన్ పీపుల్’ వచ్చి 2వ స్థానం దాకా ఎగబాకింది. జూన్ 24న గ్లాస్టన్‌బరీ ఉత్సవంలో ప్రధానవేదిక ఎక్కవలసిన స్టోన్ రోజెస్ బృందంలో గిటారిస్టు జాన్ స్క్వయర్‌కు కాలర్ ఎముక విరగడంతో ఆఖరు ఘడియలో పల్ప్‌ను పిలిచారు. ఒకరి ఎముక విరిగి ఆగిన బృందానికి మరొకరి ఎముక విరిగి దారి దొరికింది! ఆ రాత్రి వేలాది గొంతులు పాటంతా అందుకున్నాయి. అక్టోబరు చివర వచ్చిన ‘డిఫరెంట్ క్లాస్’ నేరుగా మొదటి స్థానంలోకి వెళ్ళింది. మరుసటి ఏడాది మెర్క్యురీ బహుమతి కూడా వచ్చింది.

‘డిఫరెంట్ క్లాస్’ మొదటి ప్రతుల అట్ట ఒక చట్రంలాంటిది. లోపల ఆరు కార్డులు, రెండువైపులా బొమ్మలు. పన్నెండింటిలో ఏది కావాలంటే అది ముఖచిత్రంగా పెట్టుకోవచ్చు. నాకు దొరికిన ప్రతిలో నాలుగే ఉన్నాయి. బొమ్మలన్నీ మామూలు మనుషుల మామూలు రోజులు: పెళ్ళిబృందం, వీధి, హోటలు బల్ల. వాళ్ళ మధ్య బృందసభ్యుల నలుపు తెలుపు అట్టబొమ్మలు నిలబెట్టి ఉంటాయి. లోపలి పుస్తకంలో పాటల మాటలను పద్యపాదాల్లా విడదీయక వచనంలా అచ్చువేసి, పాట వింటూ ఇవి చదవవద్దని ఒక విన్నపం కూడా చేర్చారు.

‘కామన్ పీపుల్’ కథ సెయింట్ మార్టిన్స్‌లో జరుగుతుంది. సంపన్న కుటుంబం నుంచి వచ్చిన ఒక విదేశీ విద్యార్థిని సామాన్యుల్లా బతికి చూడాలని ముచ్చటపడుతుంది. కథానాయకుడు మొదట సరదాగా సరేనంటాడు. పాట నడిచేకొద్దీ వేగం పెరుగుతుంది, గొంతు బిగుస్తుంది, చివరికి కోపం కట్టలు తెంచుకుంటుంది. పేదరికం ఆమెకు ఒక విహారయాత్ర. ఎప్పుడు విసుగొస్తే అప్పుడు ఆపేసి ఇంటికి పోగలదు. పోవడానికి మరో చోటు లేనివాళ్ళ బతుకు దానికి ఎన్నటికీ నకలు కాదని పాట తేల్చేస్తుంది.

ఈ శీర్షికను తెలుగు చెయ్యాలని కూర్చుంటే ఒక చిక్కు వచ్చింది. ‘సామాన్యులు’ అనడం తేలికే. కాని మనం ఒకణ్ణి మెచ్చుకోవాలంటే ‘వాడు సామాన్యుడు కాడు’ అంటాం. ఇంగ్లండులో పైతరగతివాళ్ళు అదే మాటను మోటు, నాగరికత తెలియని మనుషులనే అర్థంలో చులకనగా వాడతారు. మన మాటలో అంత తిట్టు లేదు. జార్విస్ ఆ తిట్టునే తీసుకుని దాన్ని ఒక చిరునామాగా మార్చాడు. అలా మార్చడానికి ఆ మాట పడినవాడే కావాలి.

ఆ ఏళ్ళ ఖర్చు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాను. 1980లలో చాలా ఏళ్ళు జార్విస్ నిరుద్యోగభృతి మీద బతికాడు. 1982 నాటికే దేశంలో పనిలేనివారి సంఖ్య 30 లక్షలు దాటింది. అంతమందికి పని చూపలేని ప్రభుత్వం వారానికింతని చేతిలో పెట్టి పంపేది. అది కడుపు నిండే డబ్బు కాదు, కాని ఉన్న ఊళ్ళో, పాత భవనాల్లో, పాతబట్టలు కట్టుకుని కాలం గడపడానికి చాలేది. దక్షిణ యార్క్‌షైర్‌లో బస్సు ఛార్జీలు 1986 దాకా నామమాత్రం. పిల్లలకైతే 2 పెన్నీలు. సొంత వ్యాపారం పెట్టుకున్న నిరుద్యోగికి వారానికి 40 పౌండ్లిచ్చే ప్రభుత్వ పథకం ఒకటుండేది. ఒయాసిస్‌ను లోకానికి చూపిన క్రియేషన్ సంస్థ అధిపతి అలన్ మెగీ దాని సాయంతోనే తన సంస్థను నిలబెట్టాడు. 1988లో కళాశాలలో చేరిన విద్యార్థికి ప్రభుత్వం ఫీజు కట్టి, జీవనానికి గ్రాంటు ఇచ్చేది. ‘కామన్ పీపుల్’ కథలోని ఆ ఇద్దరూ ఒకే తరగతి గదిలో కలుసుకోగలిగారంటే కారణమది.

వీటిలో ఏదీ సంగీతం కోసం ఉద్దేశించినది కాదు. ఏ మంత్రీ షెఫీల్డు కుర్రాళ్ళు పాటలు కట్టుకోవాలని ఈ డబ్బు మంజూరు చెయ్యలేదు. అలాగే భృతి మీద బతికి బృందాలు కట్టినవాళ్ళందరూ పల్ప్ కాలేదన్నదీ నిజమే. చాలామందికి ‘ఇట్’ లాంటిదొకటి వచ్చి, ‘డిఫరెంట్ క్లాస్’ రాకుండానే కథ ముగిసింది. ఎవరికి ఏది వస్తుందో పదిహేడేళ్ళు గడిస్తే గాని తెలియదు. తండ్రి డబ్బున్నవాడికి ఆ పదిహేడేళ్ళు తండ్రి ఇస్తాడు. లేనివాడికి ఎవరివ్వాలి?

1990లో విద్యార్థి రుణాలు మొదలయ్యాయి. 1996 అక్టోబరులో భృతి స్థానంలో, పని వెదుకుతున్నట్టు పక్షం పక్షం రుజువు చూపవలసిన కొత్త పద్ధతి వచ్చింది. 1997లో లేబర్ పార్టీ గెలిచి, టోనీ బ్లెయిర్ బ్రిట్‌పాప్ తారలను విందుకు పిలిచాడు; ఒయాసిస్ నోయెల్ గలగర్ ప్రధానమంత్రి ఇంట మద్యం గ్లాసుతో నిలబడ్డ ఫొటో పత్రికలన్నిటిలో వచ్చింది. ఆ ప్రభుత్వమే 1998లో ఇంగ్లండు విశ్వవిద్యాలయాలలో ఏటా 1,000 పౌండ్ల ఫీజు పెట్టి, ఆ వెంటనే గ్రాంట్లకు స్వస్తి చెప్పింది. అదే ఏడాది పల్ప్ ఒక చిన్న పాటలో ఆ కొత్త దొరల సంగీతప్రేమను ఎగతాళి చేసింది. అప్పటికి రసెల్ సీనియర్ బృందం వదిలి వెళ్ళిపోయాడు, పండగా అయిపోయింది.

కథకు తరువాయి కూడా ఉంది. బాసు గిటారిస్టు స్టీవ్ మెకీ 2023లో కన్నుమూశాడు. 2025 జూన్‌లో, 24 ఏళ్ళ విరామం తర్వాత, ‘మోర్’ అనే కొత్త ఆల్బం అతనికి అంకితమై వచ్చి బ్రిటన్‌లో మొదటి స్థానం అందుకుంది. అదే నెల 28న, ముప్పయ్యేళ్ళ నాటి ఆ రాత్రిని గుర్తుచేస్తూ, పల్ప్ వేరే పేరు చాటున గ్లాస్టన్‌బరీ వేదిక ఎక్కింది. జార్విస్‌కు అరవై దాటాయి.

ఈ పాటలు వినదలచినవారికి ఒక సూచన. నేను విన్నట్టే వెనుకనుంచి రండి. ‘డిఫరెంట్ క్లాస్’తో మొదలుపెట్టండి, అది ఎవరి సిఫారసూ లేకుండానే మిమ్మల్ని కూర్చోబెడుతుంది. నచ్చితే ‘హిజ్ ఎన్ హర్స్’. ఆ పైన ‘సెపరేషన్స్’ వెనుకవైపు. ‘ఫ్రీక్స్’ను ఒక వానాకాలపు సాయంత్రం దాకా దాచుకోండి. ‘ఇట్’ను మాత్రం తీర్పరిగా కూర్చుని వినకండి. అది ఇరవయ్యేళ్ళ పిల్లవాడి గొంతు. అతని ముందు ఇంకా పన్నెండేళ్ళున్నాయి.